సబ్‌డైరెక్టరీ నుంచి గిట్ కమాండ్ ఇచ్చినప్పుడు

కోడ్‌లో మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనం గిట్. అది చూసుకునే ప్రాజెక్టు ఫోల్డర్‌ను రిపాజిటరీ అంటారు. దాని రూట్‌లో, అంటే అన్నిటికన్నా పై డైరెక్టరీలో, ఉండి నేను పని చేసేది తక్కువ. ఉదయం టెర్మినల్ తెరిచి ‘సర్వర్/ఏపీఐ’ డైరెక్టరీలోకి వెళ్తే సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. గత నెల అక్కడ ఒక ఫంక్షన్ పేరు మార్చి, దాన్ని పిలిచే టెస్టులను వేరే డైరెక్టరీలో సరిచేసి, అలవాటుగా ‘గిట్ యాడ్ .’ అని కొట్టి మార్పులను ఎంచుకుని, కమిట్ చేసి (చరిత్రలో నమోదు చేసి), సర్వర్‌కు పుష్ చేశాను. చుక్కకు అర్థం ఈ డైరెక్టరీ, దీని కింద ఉన్నవి మాత్రమే కనుక టెస్టు ఫైళ్లు నా మెషీన్‌లోనే ఉండిపోయాయి, బిల్డ్ ఫెయిలయింది.

ఇందులో గిట్ తప్పేమీ లేదు; చుక్క పెట్టి పరిధిని కుదించింది నేనే. పరిధి చెప్పనప్పుడు ఏం జరగాలన్నదే అసలు ప్రశ్న. ‘గిట్ కమిట్ -ఏ’ ఎక్కడి నుంచి ఇచ్చినా మొత్తం ట్రీలోని, అంటే రూట్ నుంచి కిందికి ఉన్న డైరెక్టరీలన్నిటిలోని, మార్పులను తీసుకుంటుంది. ‘గిట్ యాడ్ -యు’ మాత్రం చాలాకాలం ప్రస్తుత డైరెక్టరీకే పరిమితమై ఉండేది. 2014లో వచ్చిన 2.0 వెర్షన్‌తో అదీ మొత్తం ట్రీకి మారింది. ఆ మార్పు సరైనదని నా గట్టి నమ్మకం. ఇదే పని చేసే మరో సాధనం సబ్‌వర్షన్‌లో ఒక్క సబ్‌డైరెక్టరీనే చెకౌట్ చేసుకునే (మన మెషీన్‌కు తెచ్చుకునే) వీలుంది కాబట్టి, అక్కడ కమాండ్ ఉన్నచోటి నుంచి కిందికే పని చేయడం సహజం. గిట్‌లో ప్రతి కమిట్ మొత్తం ట్రీకి తీసిన స్నాప్‌షాట్ కనుక, పాత్ (ఫైలు లేదా డైరెక్టరీ చిరునామా) ఇవ్వకపోతే మొత్తం అని అర్థం చేసుకోవడమే దానికి తగిన పద్ధతి.

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది పాత్‌లను చూపించే తీరు. ‘గిట్ స్టేటస్’ నేనున్న చోటి నుంచి లెక్కగట్టి ‘../../టెస్ట్స్/’ అని చూపిస్తుంది, దాన్ని కాపీ చేసి నేరుగా వాడుకోవచ్చు. మారిన ఫైళ్ల పేర్లు మాత్రమే ఇచ్చే ‘గిట్ డిఫ్ --నేమ్-ఓన్లీ’ అదే ఫైలును రూట్ నుంచి చూపిస్తుంది. ఆ జాబితాను పైపులో, అందులోని పేర్లను వేరే కమాండ్‌కు అందించే ‘ఎక్స్‌ఆర్గ్స్’‌కు పంపితే అలాంటి ఫైలే లేదన్న ఎర్రర్ వస్తుంది. ‘--రిలేటివ్’ ఇస్తే పాత్‌లు సరిపోతాయి గాని, ఈ డైరెక్టరీ బయటి మార్పులు జాబితాలోంచే పోతాయి. పాత్‌ను ఎక్కడి నుంచి చూపించాలన్నదీ, ఏయే ఫైళ్లను చూపించాలన్నదీ రెండు వేర్వేరు నిర్ణయాలు. ఒకే ఆప్షన్‌తో రెంటినీ ముడిపెట్టడం నాకు సమ్మతం కాదు. మనిషి చదివే అవుట్‌పుట్‌లో పాత్‌లు ప్రస్తుత డైరెక్టరీ నుంచే ఉండాలి. స్క్రిప్టుల కోసం రూట్ నుంచి ఇచ్చే రూపం విడిగా ఉండాలి, ‘స్టేటస్’‌కు ‘--పోర్సిలిన్’ ఉన్నట్లు.

మొత్తం ట్రీ అన్న నియమానికి ఒక మినహాయింపును మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ‘గిట్ క్లీన్’ ట్రాక్ కాని, అంటే గిట్‌కు ఇంకా అప్పగించని, ఫైళ్లను చెరిపేస్తుంది, వాటిని గిట్ తిరిగి తెచ్చి ఇవ్వలేదు. అందుకే అది ప్రస్తుత డైరెక్టరీ దాటి పోకపోవడం మంచిది. ‘గిట్ గ్రెప్’ కూడా ఉన్నచోటి నుంచి కిందికే వెతుకుతుంది. రిపాజిటరీ అంతా వెతకాల్సినప్పుడు చివర ‘-- :/’ చేరుస్తాను. కోలన్, స్లాష్ కలిస్తే రూట్ అని అర్థం. ఇప్పుడు యాడ్ చేసేటప్పుడూ చుక్క స్థానంలో అదే కొడుతున్నాను.