రేపటి గురించి మాట్లాడుకునే ఇల్లు

ఇంగ్లిష్ కవయిత్రి క్రిస్టినా రొసెట్టి రాసిన 'ఎట్ హోమ్' అనే పద్యంలో కథ చెప్పేది చనిపోయిన మనిషి. ప్రాణం పోయాక ఆ ఆత్మ, ఒకప్పుడు తనకు బాగా అలవాటైన ఇంటిని వెతుక్కుంటూ వస్తుంది. లోపల స్నేహితులంతా పచ్చటి నారింజ కొమ్మల కింద విందు చేసుకుంటున్నారు. వైన్ చేతులు మారుతోంది. ప్లమ్, పీచ్ పళ్ళు జుర్రుకుంటున్నారు. రేపు ఇసుకలో పడి సముద్రం వెంబడి మైళ్ళకు మైళ్ళు వెళ్దాం అంటాడొకడు. రేపు కూడా ఇవాళ్టిలాగే ఉంటుంది, ఇంకా బాగుంటుంది అంటాడు ఇంకొకడు. నిన్నటి గురించి ఒక్కరూ ఎత్తరు. ఆత్మ చలితో వణికింది గానీ ఆ చలి వాళ్ళ బల్ల మీది గుడ్డకు కూడా తగల్లేదు.

మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండ్‌లో మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్‌లో దీని మీద వ్యాసం రాయాలి. వంటింట్లో కూర్చుని పైకి చదువుతుంటే, పప్పులో పోపు పెడుతున్న నేను ఉండబట్టలేక "ఎంత రాతిగుండెలే వీళ్ళవి!" అన్నాను.

"వాళ్ళేం తప్పు చేశారమ్మా? గెంటేశారా? ఆవిడ పోయి వారమైందో, పదేళ్ళయిందో పద్యంలో ఎక్కడా లేదు. ఏడ్చేసి ఊరుకున్నారేమో" అంది. మళ్ళీ చదివాను. నిజమే, కాలం లెక్క ఎక్కడా లేదు. ఎవరి మీదా ఫిర్యాదు కూడా లేదు.

అయినా నాకు అందులో తణుకులోని మా ఇల్లే కనిపించింది. వెళ్ళిన రోజే అందరూ అడిగేది "మళ్ళీ ప్రయాణం ఎప్పుడు?" అని. ప్రేమగానే అడుగుతారు. తర్వాత మాటలు స్థలం రిజిస్ట్రేషన్ మీదికి, వచ్చే మాఘంలో పెళ్ళి మీదికి మళ్ళుతాయి. ఆ మాఘానికి మనం ఉండం. ఒక్క రోజు ఉండి వెళ్ళిన అతిథి జ్ఞాపకంలా ఆ గదిలోంచి వెళ్ళిపోయాను అంటుంది ఆత్మ చివర్లో. ఆ పోలిక బైబిల్‌కు సంబంధించిన సొలొమోను జ్ఞానగ్రంథంలోదట, మా అమ్మాయి పట్టుకుంది. అక్కడది భక్తిహీనుల ఆశల గురించి చెప్పిన మాట. రొసెట్టి అంత దైవభక్తి ఉన్న మనిషి, దాన్ని తెచ్చి తన ఆత్మకు తగిలించింది.

ఆవిడదీ వలస వచ్చినవాళ్ళ ఇల్లే. తండ్రి గాబ్రియేలె ఇటలీలోని నేపుల్స్ రాజ్యం నుంచి రాజకీయాల వల్ల పారిపోయి 1824లో లండన్ చేరాడు. కింగ్స్ కాలేజీలో ఇటాలియన్ చెప్పేవాడు. ఇంటి నిండా ఎప్పుడూ దేశం వదిలొచ్చిన ఇటాలియన్లే. 1830లో పుట్టిన క్రిస్టినా ఇంగ్లిష్, ఇటాలియన్ రెండు భాషల్లోనూ రాసింది. ఈ పద్యం 1858 నాటిది, ముందు పెట్టిన పేరు 'పిక్నిక్ తర్వాత'. అచ్చయింది 1862లో.

నా వాదన ఏమిటంటే, పద్యంలోని ఆ ఇంట్లో పోయినవాళ్ళకంటూ ఒక రోజు లేదు. మా ఇంట్లో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతాం. ఫొటోల ముందు కొత్త పంచె, చీర, అరిసెలు, గారెలు పెట్టి, సాంబ్రాణి వేసి, పెద్దలు వచ్చి తింటారని కాసేపు తలుపు వేస్తాం. ఇక్కడ ఇంగ్లండ్‌లోనైతే ముందు స్టూలు ఎక్కి పొగ అలారానికి షవర్ క్యాప్ తొడగాలి. అది మా అబ్బాయి డ్యూటీ. తాతయ్య వాడికి ఫొటోగానే తెలుసు. "ఇంక తియ్యొచ్చా? తాతయ్య తినేశాడా?" అని తలుపవతల నుంచి సతాయిస్తాడు. మనసుకు గుర్తొస్తే తలుచుకుందాం అని వదిలేస్తే ఎవరికీ గుర్తు రారు. తిథి, వంట, పని ఉంటే వస్తారు.

మా అమ్మాయి ఊరుకోలేదు. "తద్దినంలో ఎన్ని తరాల పేర్లు చెప్తారు?" అని అడిగింది. మూడు. తండ్రి, తాత, ముత్తాత. ఆ పైవాళ్ళకు పేరు ఉండదు, పిండం పెట్టిన చేతికి అంటుకున్నదే వాళ్ళ భాగం అంటారు. "చూశావా, మనమూ మర్చిపోతాం, కాకపోతే పద్ధతిగా మర్చిపోతాం. అయినా ఆ ఆత్మకు కావలసింది ప్లేటు కాదమ్మా. వాళ్ళ రేపటి ట్రిప్‌లో సీటు. గారెలు పెట్టినా అది రాదుగా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి గమనించాను. తణుకులో మా అమ్మాయికి తనొక ఆత్మలా అనిపించదు. మామిడిపళ్ళు తిని, కజిన్స్‌తో తిరిగి, ఇంటికెళ్దామంటుంది. ఇల్లంటే ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్. క్రిస్టినా కూడా 1865లో ఒకే ఒక్కసారి ఇటలీ చూసి, తను పుట్టి పెరిగిన, చనిపోవాల్సిన ఉత్తరానికి తిరిగి వెళ్తున్నానని పద్యం రాసింది. స్వాలో పిట్టలు దక్షిణానికి ఎగిరిపోతుంటే మళ్ళీ కళ్ళు తడుస్తాయేమో, ఆ తీయని పేరు నోటికొస్తుందేమో అని కూడా అందులో రాసుకుంది. మా అమ్మాయి ఆ మొదటి సగం ఒప్పుకుంటుంది. రెండో సగం టూ మచ్ అంటుంది.

వ్యాసంలో మా సంక్రాంతి లేదు. పెట్టమన్నాను, మార్కులు రావంది. విందులో కూర్చున్నవాళ్ళు నిర్దోషులని మూడు పేజీలు వాదించింది. బాగా రాసింది. నేను మాత్రం ఒక్క విస్తరైనా వేసి ఉండాల్సిందనే అంటున్నాను.