ఎయిర్ పైపులో ఆయిల్: ఇంజన్ విప్పే ముందు చూసుకున్నవి

ఎయిర్ ఫిల్టర్ మార్పించడానికి వెళ్తే ఇంజన్ పని చెప్పి పంపారు. మాది 2005 నాటి పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. నల్లగొండ నుంచి తిప్పర్తి వైపు ఉన్న మా బడికి రోజూ అందులోనే వెళ్తాను. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసే లారీలన్నీ ఆ దారినే పోతాయి కాబట్టి ఫిల్టర్ దుమ్ముతో తొందరగా నిండుతుంది. ఈసారి డబ్బా మూత తీయగానే అడుగున నల్లటి ఆయిల్ మడుగు కట్టి ఉంది. అక్కడి నుంచి త్రోటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) వెళ్లే రబ్బరు పైపు లోపలంతా జిడ్డు.

"రింగులు పోయాయి మేడం. ఇంజన్ విప్పాలి, 40 వేలు అనుకోండి" అన్నాడు షాపు అబ్బాయి. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి వాయువు కిందికి జారకుండా ఆపేవి.

డబ్బు సంగతి సరే. అంత పెద్ద తీర్పు చెప్పిన మనిషి ఆయిల్ ఎంతుందో కడ్డీ లాగి కూడా చూడలేదు. అదే నాకు మింగుడుపడలేదు. కారు అక్కడ వదలకుండా దేవరకొండ రోడ్డులో పాత బండ్లు చూసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదట అడిగిన ప్రశ్న: "ఆయిల్ ఎక్కడ ఉంది టీచరమ్మా, త్రోటిల్‌కు ముందా, వెనకా?"

ఆ ప్రశ్న ఎందుకో అర్థం కావాలంటే లోపల జరిగేది తెలియాలి. ఏ ఇంజన్‌లోనైనా, కొత్తదైనా సరే, మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. దీన్ని బ్లోబై అంటారు. పూర్వం దాన్ని ఒక గొట్టం పెట్టి రోడ్డు మీదికి వదిలేసేవారు. 1960లలో అమెరికాలో కాలుష్యం గురించి పట్టింపు మొదలయ్యాక, ఆ వాయువును తిరిగి ఇంజన్‌లోకే పంపి కాల్చే ఏర్పాటు వచ్చింది. అందులో ముఖ్యమైన భాగం పీసీవీ వాల్వ్, ఆ వాయువు ఎంత పోవాలో అదుపు చేసే చిన్న కవాటం. ట్యాపెట్ కవర్, అంటే ఇంజన్ పైమూత నుంచి రెండు పైపులు బయలుదేరతాయి. ఒకటి ఈ వాల్వ్ గుండా త్రోటిల్ వెనక ఉన్న మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) వెళ్తుంది, అక్కడి పీల్పు వాయువును లాగేస్తుంది. రెండోది బ్రీదర్ పైపు. ఫిల్టర్ దాటిన శుభ్రమైన గాలిని అది లోపలికి తెస్తుంది.

వాల్వ్ మూసుకుపోతే వాయువుకు మిగిలే దారి బ్రీదర్ ఒక్కటే. మూత బిగించిన ఎసరు గిన్నెలోని ఆవిరి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి తన్నుకొచ్చినట్టు, గాలి రావలసిన దారిలోనే ఆయిల్ తుంపరతో ఎదురు వస్తుంది. మా బండిలో ఆయిల్ త్రోటిల్‌కు ముందే ఉంది. అంటే అది బ్రీదర్ నుంచే వచ్చింది. రింగులు బాగా అరిగి వాల్వ్ లాగలేనంత బ్లోబై పుట్టినా ఇలాగే వస్తుంది. కాబట్టి షాపు అబ్బాయి చెప్పింది అసాధ్యమేమీ కాదు. కానీ అదొక్కటే కారణం కానక్కరలేదు. టర్బో ఉన్న డీజిల్ బండ్లలో టర్బో సీలు నుంచి కూడా ఆయిల్ రావచ్చు కాబట్టి అక్కడ లెక్క వేరు.

పెద్దాయన పద్ధతి నాకు నచ్చింది. ఖర్చు లేనిది ముందు, ఒకసారికి ఒక్కటే మార్చడం. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. కారును చదును నేల మీద ఆపి, కాసేపు ఆగి కడ్డీ లాగితే ఆయిల్ పై గీతకు చాలా పైన ఉంది. అంతకుముందు ఆయిల్ మార్చిన చోట కొలత చూడకుండా డబ్బా మొత్తం పోసేసినట్టున్నారు. ఎక్కువైన ఆయిల్‌ను తిరిగే క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది, తుంపర పెరుగుతుంది. అదనపు ఆయిల్ తీసేశాము.

ఆ తర్వాత చేసిన పనే అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం: శుభ్రం చేయడం. పాత జిడ్డు అలాగే ఉంటే కొత్తగా వస్తున్నదేదో, ఎప్పటిదేదో ఎలా తేలుతుంది? రబ్బరు పైపును పెట్రోలుతో కడిగితే ఉబ్బుతుందని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాము. త్రోటిల్ బాడీని స్ప్రే కొట్టి తుడిచాము. తడిసిన కాగితం ఫిల్టర్ పారేసి కొత్తది వేశాము. కొన్నాళ్లు బడికి తిరిగాక విప్పితే ఆయిల్ మళ్లీ ఉంది. అయితే మునుపటి కంటే బాగా తక్కువ. కారణం ఇంకొకటి కూడా ఉందన్నమాట.

అప్పుడు పీసీవీ వాల్వ్ పట్టుకున్నాము. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా దాన్ని ట్యాపెట్ కవర్ నుంచి ఊడదీసి కొన మీద వేలు పెట్టమన్నారు. గట్టిగా పీల్చాలి, మా దాంట్లో ఏమీ తెలియలేదు. వాల్వ్ తీసేసి పైపు కొనకు వేలు పెడితే మాత్రం పీల్చింది. అంటే దారి తెరిచే ఉంది, వాల్వ్ మూసుకుపోయింది. చెవి దగ్గర ఊపితే టకటకమనాల్సింది పలకలేదు. కొన్ని వందల రూపాయల సామాను అది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఎలాగూ చెమర్చుతోందని ఆ మూత కూడా తీయించాను. లోపల ఆయిల్‌ను వాయువు నుంచి వేరుచేసే రేకు వెనక మడ్డి గడ్డకట్టి ఉంది. అది గీకి, కొత్త ప్యాకింగ్ వేసి మూశారు. వాల్వ్ బిగించాక ఆయిల్ పోసే మూత తీసి ఒక మందపాటి కాగితం అడ్డం పెడితే రంధ్రానికి అతుక్కుంది. అంతకుముందు అదే కాగితం పైకి ఎగిరింది.

రింగుల మాట మాత్రం నా మనసులోంచి పోలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో అది కూడా చూడమని నేనే పట్టుబట్టాను. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులు నాలుగూ తీసి, పెట్రోలు, కరెంటు రాకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్లకు వరసగా 168, 165, 158, 166 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వచ్చాయి. మూడో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ చూస్తే 164కు పెరిగింది. ఆయిల్ వేశాక పెరిగిందంటే అక్కడ రింగు కొద్దిగా అరిగిందని అర్థం. వాల్వులు కారుతుంటే ఆ అంకె పెద్దగా కదలదు. ఎక్కువకు, తక్కువకు తేడా 6 శాతమే. ఇంత మాత్రానికి ఇంజన్ విప్పడం దండగ అన్నారు ఆయన.

ఆ తర్వాత నాగార్జునసాగర్ దాకా వెళ్లివచ్చి పైపు విప్పి చూశాను. లోపల పలుచని జిడ్డు పొర తప్ప ఏమీ లేదు. ఇంత వయసు బండిలో ఆ పొర సహజమే. తొక్కినప్పుడు మానిఫోల్డ్ పీల్పు తగ్గి, కొంత వాయువు బ్రీదర్ గుండా రాక తప్పదు. ఐడిల్‌లో ఎగుడుదిగుడు కూడా పోయింది. ఇప్పుడు ఆయిల్ మార్పించినప్పుడల్లా నేనే దగ్గరుండి కడ్డీ చూస్తాను, ఆ పైపు క్లిప్పు విప్పించి తెల్లగుడ్డతో లోపల తుడిపిస్తాను, మూడో సిలిండర్ అంకె పుస్తకంలో రాసుకుంటాను. అది 140 దాకా దిగితే అప్పుడు రింగుల ఖర్చు గురించి మాట్లాడదామని పెద్దాయన, నేను అనుకున్నాము.