పదిహేడు కుర్చీలు

శాక్సోఫోన్లు ఆగగానే వెనక వరసలో నలుగురు ట్రంపెట్ల వాళ్లు ఒక్కసారిగా లేచి అందుకున్నారు. గుండె ఝల్లుమంది.

సాయంత్రం న్యూజెర్సీలో మా పాప స్కూల్ జాజ్ రిహార్సల్. బిగ్ బ్యాండ్ అంటే ఇన్నాళ్లూ బాగా పేరున్న బ్యాండ్ అనుకున్నాను. కాదు, మనుషుల లెక్క అది. శాక్సోఫోన్లు ఐదు, ట్రాంబోన్లు నాలుగు, ట్రంపెట్లు నాలుగు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. మొత్తం 17 మంది.

నలుగురైదుగురైతే ఒకరినొకరు చూసుకుంటూ వాయించేయొచ్చు. ఇంతమంది ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తే గోలే. అందుకే ఏ వరస ఎప్పుడు అందుకోవాలో ముందే రాసిపెట్టుకుంటారు. ఆ రాతలోనే ఒక్కరు సొంతంగా వాయించుకోడానికి చోటు వదులుతారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఒకబ్బాయి సింకు జామ్ అయితే వాడే రబ్బరు కప్పు తీసి ట్రంపెట్ మూతికి అడ్డం పెట్టాడు. మూస్తూ తెరుస్తుంటే 'వా... వా' అని అచ్చం మనిషి గొంతే! 1920ల్లో అమెరికా జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో బబర్ మైలీ అనే ట్రంపెట్ వాద్యకారుడు ఇలాగే వాయించేవాడు.

కారులో పాప తన ట్రాంబోన్ వరస ఒక్కటే కూనిరాగం తీస్తోంది. మిగతా 16 నాకు వినిపిస్తూనే ఉన్నాయి.