నీళ్ల వెంట బాలి: నాన్నతో నా అనుభవం

బాలి ద్వీపంలో బాటూర్ అని ఒక పెద్ద సరస్సు ఉంది. దాంట్లోంచి పైకి కనిపించేలా ఒక్క ఏరు కూడా బయటికి పోదు. అగ్నిపర్వతం వల్ల ఏర్పడిన పెద్ద గుంటలో నిలిచిన ఆ నీళ్లు నేలలోకి ఇంకి, ఎక్కడో కింద ఊటలుగా పైకి వస్తాయి. ఊటల దగ్గర గుళ్లున్నాయి. గుళ్ల దగ్గర్నుంచి నీళ్లు కాలవల్లోకి, కాలవల నుంచి వరిచేలల్లోకి పోతాయి. ఇది చదివాకే మా ప్రయాణం ఎలా ఉండాలో తేలింది. ట్రావెల్ వాళ్లు పంపిన ప్యాకేజీలన్నీ పక్కన పెట్టేసి, నీళ్లు దిగే దారి పట్టుకుని పైనుంచి కిందికి వద్దామనుకున్నాం.

వెళ్లింది నేనూ మా నాన్నా. ఆయనది కోనసీమలో కాలవ చివరి ఊరు, శివారు భూమి. దాళ్వా రోజుల్లో వంతు నీళ్ల కోసం రాత్రిళ్లు తూము దగ్గర కాపలా పడుకున్న మనిషి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చాక ఊరి సంఘంలో కొంతకాలం పనిచేశారు కూడా. బాలిలో మంచి గుళ్లున్నాయి నాన్నా అంటే "చూద్దాంలేమ్మా" అని ఊరుకున్నారు. అక్కడ దాదాపు వెయ్యేళ్ల నుంచి రైతులే నీళ్లు పంచుకునే సంఘాలు నడుపుకుంటున్నారట అంటే మాత్రం "అయితే టికెట్లు తీసెయ్" అన్నారు.

కాగితాల పని పెద్దగా లేదు, కానీ జాగ్రత్తగా చేసుకోవాలి. మనవాళ్లకు అక్కడ దిగాక ఇచ్చే వీసా ఉంది, దాన్నే ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. 30 రోజులకు 5,00,000 రుపియా, మన డబ్బుల్లో రెండున్నర వేలు దాటుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకులు బాలి ప్రభుత్వానికి విడిగా 1,50,000 రుపియా కట్టాలి, అదీ ఆన్‌లైన్లో కట్టేయొచ్చు. వీసా కోసం వెతికితే అసలు సైటు కంటే ముందు దళారీ సైట్లు వస్తాయి. చూడ్డానికి సర్కారీవిలాగే ఉండి ఎక్కువ గుంజుతాయి. అడ్రసులో గో డాట్ ఐడి అని ఉందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇవన్నీ ఇంటి దగ్గరే ముగించుకుని ప్రింట్లు పెట్టుకోవడం వల్ల దిగాక టెన్షన్ లేకుండా బయటపడ్డాం. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు క్యూలో నిలబెట్టకుండా ఉండటం చాలా ముఖ్యం.

ఉబుద్ దగ్గర ఒక ఊళ్లో దిగాం. మా కారు డ్రైవర్ పేరు వినగానే ఇంట్లో ఆయన రెండోవాడని తెలిసిపోతుంది. బాలిలో మామూలు కుటుంబాల్లో మొదటి బిడ్డ వయాన్, రెండోది మాదే, మూడోది ఞోమన్, నాలుగోది కతుత్. ఆడైనా మగైనా ఇవే పేర్లు. తెల్లారేసరికి మేమున్న ఇంటావిడ కొబ్బరాకుతో అల్లిన చిన్న చిన్న పళ్లాలు పళ్లెంలో పేర్చుకుని వచ్చేది. ఒక్కోదాంట్లో తూర్పున తెల్లపూలు, దక్షిణాన ఎర్రవి, పడమట పసుపువి, ఉత్తరాన నీలం రంగువో ఆకుపచ్చవో పెట్టి, పైన నాలుగు మెతుకులు, ఒక అగరువత్తి. గుమ్మంలో ఒకటి, వంటింట్లో ఒకటి, స్కూటర్ మీద ఒకటి, వీధి మలుపులో ఒకటి. మధ్యాహ్నానికి కోళ్లు వాటిని చిందరవందర చేసేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మర్నాడు మళ్లీ కొత్తవి. సాయంత్రం ఆరింటికి ఊరి మైకులో త్రిసంధ్య వినపడేది, అది మొదలయ్యేదే గాయత్రితో. నాన్న వరండాలో కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

పైనుంచి మొదలుపెట్టాలి కాబట్టి ముందు కింతామణి వెళ్లాం. సరస్సు దేవత దేవి దనుకు కట్టిన ఉలున్ దను బాటూర్ గుడి అక్కడే ఉంది. ఒకప్పుడు ఇది కింద సరస్సు ఒడ్డున ఉండేది. 1926లో అగ్నిపర్వతం పేలి లావా ఊరినీ గుడినీ ముంచెత్తితే, జనం దాన్ని గట్టు మీదికి తెచ్చి మళ్లీ కట్టుకున్నారు. నడుముకు సరోంగ్, దాని మీద గుడ్డ పట్టీ కట్టుకుంటేగానీ లోపలికి రానివ్వరు. పంచె కట్టుకునే అలవాటున్న నాన్నకు అదో పనే కాదు, పక్కనున్న విదేశీ కుర్రాళ్లకు కూడా కుచ్చిళ్లు సర్ది కట్టారు.

మన గుళ్లకు అలవాటుపడ్డ కంటికి అక్కడ మొదట ఏదో లోటుగా ఉంటుంది. పైకప్పు లేదు, గర్భగుడి లేదు, దర్శనానికి వరస లేదు. ఒకదాని తరవాత ఒకటిగా మూడు ప్రాకారాలు, లోపల నల్లటి తాటినార కప్పులతో అంతస్తులు అంతస్తులుగా లేచిన మేరులు, ఎత్తైన రాతి పీఠం మీద ఖాళీ ఆసనం. దేవుణ్ణి ఆ ఆసనం మీదికి పిలుస్తారు, పూజయ్యాక సాగనంపుతారు. అందుకే ఫొటోలకని వెళ్లినవాళ్లు పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. పూజ జరిగేటప్పుడు అనుమతి అడిగి, నోరు మూసుకుని వెనకాల కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది. పూజారి అందరి మీదా తీర్థం చిలకరించి, చేతిలో మూడుసార్లు పోసి తాగిస్తాడు. తరవాత తడి బియ్యపు గింజలు ఇస్తాడు, వాటిని నుదుటి మీద అంటించుకోవాలి. ఈ మతానికి అక్కడి పాతపేరు ఆగమ తీర్థ. అన్నిటికీ నీళ్లే మూలం.

అక్కడినుంచి దిగితే తంపక్‌సిరింగ్‌లో తీర్థ ఎంపుల్. పదో శతాబ్దం నాటి గుడి. మాయదానవుడనే రాజు నీళ్లను విషం చేస్తే ఇంద్రుడు నేలను పొడిచి ఈ ఊట తెప్పించాడని కథ. లోపలి ప్రాకారంలో ఊట కొలను ఉంది. దాని గట్టు మీద వంగి చూస్తే అడుగున నల్ల ఇసుక ఒకచోట ఉబుకుతుంది, అణుగుతుంది, ఇంకోచోట ఉబుకుతుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే ఇసుక రేణువులు లేచి పక్కకి పడటం కూడా కనపడింది. నాన్న అక్కణ్ణుంచి కదల్లేదు. "బోరు వెయ్యకుండా, మోటారు పెట్టకుండా ఇన్ని నీళ్లా!" అంటూ నిలబడిపోయారు.

స్నానం చేసే పద్ధతి వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది పక్కవాళ్లను చూసి ఏదో చేసేస్తారు. నీళ్లలోకి దిగడానికి వేరే సరోంగ్ అద్దెకిస్తారు, బట్టలు దాచుకోవడానికి లాకర్లున్నాయి. ముందు ఒడ్డున పూల పళ్లెం పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. తరవాత ఎడమ చివర ధార దగ్గర మొదలుపెట్టి కుడివైపు జరుగుతూ పోవాలి. ప్రతి ధార దగ్గరా చేతులు జోడించి, మొహం కడుక్కుని, నోరు పుక్కిలించి, తల పెట్టాలి. వరసలో రెండు ధారలు మాత్రం చనిపోయినవాళ్ల కర్మలకు. బతికున్నవాళ్లు వాటి కింద తల పెట్టకూడదు. ఏవేవో మా డ్రైవర్ ముందే చూపించాడు. మీరూ దిగేముందు అక్కడివాళ్లనే అడగండి. నీళ్లు చాలా చల్లగా ఉంటాయి, అడుగున రాళ్లు జారతాయి, పెద్దవాళ్ల చెయ్యి వదలొద్దు. పొద్దున్నే తలుపులు తీసే వేళకు వెళ్తే స్థానికులతో పాటు ప్రశాంతంగా చేయొచ్చు. పది దాటితే జాతరే. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు లోపలికి రావద్దని బోర్డులుంటాయి, అదీ ముందే తెలిసి ఉంటే ఇబ్బంది ఉండదు.

ఆ నీళ్లు స్నానాలయ్యాక వృథాగా పోవు. పకెరిసాన్ లోయలోని చేలకే వెళ్తాయి.

జతిలువి చేలు వేరే కొండ కింద ఉన్నాయి. బతుకారు కొండ నీళ్లు వాటికి ఆధారం. నీళ్లు వేరైనా రైతులు సంఘంగా నీళ్లు పంచుకునే పద్ధతి ఒకటే, ఆ సంఘం పేరు సుబక్. 2012లో యునెస్కో ఈ చేలనూ, బాటూర్ సరస్సు గుడినీ, తమన్ అయూన్ గుడినీ, పకెరిసాన్ లోయనూ కలిపి దాదాపు 19,500 హెక్టార్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎక్కువమంది రోడ్డు పక్క హోటల్లో కాఫీ తాగి, మెట్లు మెట్లుగా దిగే ఆ పచ్చదనాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మేం గట్ల మీద నడిచాం. రైతు పొలంలోకి నీళ్లు దిగే చోట ఒక చిన్న గుడి, వరి దేవత దేవి శ్రీకి. కాలవ చీలేచోట అడ్డంగా ఒక దుంగ, దాంట్లో గాడులు. గాడి వెడల్పే రైతు వాటా. కాలవలో నీళ్లు తగ్గినా పెరిగినా అన్ని గాళ్లలోనూ అదే దామాషాలో పారతాయి. నాన్న గాడిలో వేళ్లు పెట్టి కొలిచి, పక్క గాడితో పోల్చి, "దీనికి నీళ్లు వదిలే లస్కరు కూడా అక్కర్లేదు" అన్నారు.

మా డ్రైవర్ బంధువొకాయన సుబక్‌లో సభ్యుడు. గట్టు మీద పాకలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. నాన్న మొదటి ప్రశ్నే సూటిగా వేశారు: "పైవాడి దగ్గర నీళ్లుంటాయి. కిందివాడికి వదలాల్సిన అవసరం వాడికేంటి?" డ్రైవర్ ఆ మాట వాళ్ల భాషలో చెప్పాడు. ఆ రైతు నవ్వలేదు, బాగా ఆలోచించే జవాబు చెప్పాడు. పురుగు వల్ల అన్నాడు.

ఆ జవాబు విడమరిచి చెప్పాలి. పైవాడు ఒక నెలలో, కిందివాడు ఇంకో నెలలో నాటితే చేలల్లో ఎప్పుడూ ఏదో ఒక పచ్చ పైరు ఉంటుంది. దోమకీ ఎలుకకీ తిండికి లోటుండదు, ఒక చేలోంచి ఇంకో చేలోకి వస్తూనే ఉంటాయి. అదే ఆ కొండవాలంతా ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి మడులు ఖాళీగా నీళ్లలో ఉంచితే వాటికి తినడానికేమీ మిగలదు. కాబట్టి కిందివాడు తనతో పాటు నాటాలంటే పైవాడు నీళ్లు వదలాలి. అందరూ ఒకేరోజు నాటితే నీళ్లు చాలవు, విడివిడిగా నాటితే పురుగు. ఎంతమంది కలిసి నాటాలి, ఏ వాలుకు ఎప్పుడు అన్నది సుబక్‌ల పెద్దలు నీటి గుళ్లలో కూర్చుని తేల్చుకుంటారు. పెద్దను పెకసే అంటారు, రైతులే ఎన్నుకుంటారు.

1970లలో హరితవిప్లవం రోజుల్లో అధికారులు ఈ లెక్కను పక్కన పెట్టి, కొత్త వంగడాలు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వెయ్యమన్నారు. కొన్నేళ్లకే నీళ్ల పంపకం తారుమారైంది, గోధుమరంగు దోమ చేలను ఊడ్చేసింది. తరవాత స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త, జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో కలిసి కంప్యూటర్లో లెక్క కట్టి చూస్తే, గుళ్లు ఖరారు చేసే పద్ధతే మంచి దిగుబడికి దారి అని తేలింది. దోమపోటు అన్న మాట వినగానే నాన్న ముందుకు వంగారు. మా ఊళ్లో ఒక సార్వా మొత్తం దానికే పోయింది. రాత్రికి రాత్రి చేను కాలినట్టు పండుబారిపోవడం నేనూ చూశాను. ఇద్దరు రైతులూ ఆ తరవాత మధ్యలో డ్రైవర్ లేకుండానే చాలాసేపు మాట్లాడుకున్నారు, చేతులతో, దుబ్బులు చూపించుకుంటూ.

కోసిన మడుల్లో బాతుల మందలు తిరుగుతున్నాయి. కాపరి ఒక కర్రకు గుడ్డ కట్టి పాతితే అవి ఆ చుట్టుపక్కలే మేస్తాయి. ఊడ్పులకు ముందు, కోతలకు తరవాత బాతులు మా వైపూ వస్తాయి కాబట్టి నాన్నకు అది కొత్త కాదు, కానీ ఆ గుడ్డ కిటుకు ఆయనకు బాగా నచ్చింది. అక్కడి ఎర్రబియ్యం అన్నం, పచ్చి మిరప, ఉల్లి, నిమ్మగడ్డి కలిపి నూనె పోసిన సంబల్ మతా ఇష్టంగా తిన్నారు. పెరుగు మాత్రం ఎక్కడా సరిగ్గా దొరకలేదు, పెద్దవాళ్లతో వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి.

తిరుగుదారిలో ఒక ఊరి గుడి ఉత్సవం వల్ల రోడ్డు ఆపేశారు. చాలా గుళ్లకు 210 రోజులకొకసారి ఇలా జరుగుతుంది. తెల్లచొక్కాల మగవాళ్లు, తలల మీద పళ్లు గోపురంలా పేర్చిన పళ్లేలతో ఆడవాళ్లు, వెనక గామెలాన్ మేళం. ఎవరూ హారన్ కొట్టలేదు. తనా లోత్, ఉలువతు గుళ్లు కూడా చూశాం, సముద్రం పక్కన ఎంతో అందంగా ఉంటాయి, జనమూ అంతే. ఉలువతులో కోతులు కళ్లజోళ్లు లాక్కుంటాయి. ఒక్కరోజులో రెండూ అయిపోతాయి, అంతకంటే ఇవ్వకండి.

నన్ను బాధపెట్టింది ఒకటే. ఉబుద్, చంగు చుట్టుపక్కల చేల మధ్యలో విల్లాలు లేస్తున్నాయి. ఒక మడి విల్లాగా మారితే దాని కింద మడులకు పోయే బోదె తెగుతుంది. మనం దిగే చోటు ఏ భూమిలో కట్టారో అడిగి, పాత ఊళ్లో ఇళ్లలో గదులు తీసుకుంటే ఆ మేరకైనా మనవల్ల నష్టం తగ్గుతుంది.

వచ్చాక నాన్న మా బోదె కింద రైతులను కూర్చోబెట్టి, ఈ సార్వాకు నారుమళ్లు ఒకే వారంలో పోద్దామని అడుగుతున్నారు. కొందరు ఒప్పుకున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. జతిలువిలో చేలు ఎప్పుడూ పచ్చగా ఉండవు, నాట్లు ఎప్పుడు, కోతలు ఎప్పుడు అని ముందే కనుక్కోండి. మార్చి ప్రయాణానికి బుక్ చేసేవాళ్లు ఞెపి తేదీ తప్పకుండా చూసుకోవాలి. అది వాళ్ల శక సంవత్సరాది, 2025లో మార్చి 29న, మన ఉగాదికి ముందురోజు వచ్చింది. ఆరోజు 24 గంటలు విమానాశ్రయం మూసేస్తారు, రోడ్డు మీదికి ఎవరినీ రానివ్వరు, లైట్లు కూడా వెయ్యరు. ఆ ముందురోజే దిగి, గదిలోకి తిండీ నీళ్లూ తెచ్చిపెట్టుకోవాలి.