కడుపునొప్పి చెప్పిన సంగతి

మా అమ్మాయికి పన్నెండో ఏడు నడుస్తున్నప్పుడు, బడికి బయలుదేరే వేళకు రోజూ కడుపునొప్పి వచ్చేది. వైద్యులు పరీక్షలన్నీ చేసి ఏ లోపమూ లేదన్నారు. మేము ఊరట చెందాము గాని, నొప్పి అలాగే ఉందన్న సంగతిని పట్టించుకోలేదు. పిల్లల్లో ఆందోళన తరచుగా కడుపునొప్పిగా, తలనొప్పిగా బయటపడుతుందనీ, వారి దిగులు కన్నీళ్లకు బదులు చిరాకుగా, కోపంగా కనబడవచ్చనీ మాకు అప్పటికి తెలియదు. విసుక్కుంటే, ఇక్కడి పిల్లలను చూసి నేర్చుకుందని అనుకున్నాము. పరాయి దేశంలో పిల్లలను పెంచేవారు బిడ్డలో కనిపించే ప్రతి మార్పుకూ సంస్కృతినే కారణంగా చూస్తారు; మేమూ అదే చేశాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసు వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. అయినా నేను ఎదురుచూసింది రోగం పేరు కోసమే. పేరు పెట్టేంత ముదరకముందే సాయం అడగవచ్చని బడిలోని కౌన్సెలర్ చెప్పేదాకా నాకు తోచలేదు.

ఆమె ముందుగా మా చేత ఒక ప్రశ్నావళి నింపించారు. బ్రిటన్‌కు చెందిన పిల్లల మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ఆ ప్రశ్నావళిలో పిల్లల ప్రవర్తన, భావాల గురించి 25 అంశాలుంటాయి. తల్లిదండ్రులు ఒకటి, ఉపాధ్యాయులు ఒకటి, 11 ఏళ్లు దాటిన పిల్లలైతే తామే ఒకటి నింపుతారు. అది రోగాన్ని నిర్ధారించదు, ఎక్కడ శ్రద్ధ పెట్టాలో చూపుతుంది. నేను "కలివిడిగా ఉంటుంది" అనుకుని గుర్తు పెట్టిన చోట, టీచరు ఒంటరిగా ఉంటుందని గుర్తు పెట్టారు. ఆ తేడాను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత అమ్మాయి ఒక్కతే కౌన్సెలర్‌తో మాట్లాడేది. లోపల ఏం చెప్పిందో మాకు చెప్పరన్నది మా వారికి మింగుడుపడలేదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే వెంటనే తెలియజేస్తామనీ, మిగతాది బిడ్డ తనంత తాను చెప్పుకోవలసినదనీ కౌన్సెలర్ వివరించారు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని కూడా ఆమె చెప్పారు. ఆ రాత్రే అమ్మాయిని అడిగాను. నా గొంతు వణికింది, తను మాత్రం తడుముకోకుండా లేదని చెప్పింది.

అందరం కలిసి కూర్చునే రోజు వచ్చినప్పుడు, ఎప్పటిలాగే అమ్మాయే మాకు మాటలు తెనిగిస్తుందనుకున్నాను. కౌన్సెలర్ ఒప్పుకోలేదు. బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా అంతవరకు మా తరఫున మాట్లాడింది తనే. తన బాధను తానే అనువదించమంటే ఏ బిడ్డయినా దానిని తగ్గించి చెబుతుందని కౌన్సెలర్ అన్నారు. అందుకే తెలుగు వచ్చిన అనువాదకురాలిని పిలిపించారు. ఈ సాయం ఉంటుందా అని మొదటి రోజే అడగవలసింది. మాలాంటి ఏ తల్లిదండ్రులైనా అడగడానికి మొహమాటపడకూడదు.

ఆనాడు మా అమ్మాయి నా వైపు చూడకుండా, తనకు సులువైన భాషలో ఏదో చెప్పింది. అనువాదకురాలు దానిని నెమ్మదిగా తెలుగులో చెప్పారు: "ఇక్కడికి వచ్చి అమ్మ ఇప్పటికే చాలా కష్టపడుతోంది. నాకు బాగాలేదని చెబితే ఇంకా భయపడుతుందని, కడుపునొప్పి అని చెప్పేదాన్ని."