పొద్దున శిఖరం, సాయంత్రం తీరం

ఒకే రోజు కొండ మీద సూర్యోదయాన్ని, తీరంలో సూర్యాస్తమయాన్ని ఫొటో తీయాలని బయల్దేరాం. తేదీని సముద్రపు ఆటుపోట్ల పట్టిక చూసి ఖాయం చేశాం. పొద్దు రోజూ పొడుస్తుంది. కానీ పొద్దుగూకే వేళకి నీళ్లు తగ్గుతూ ఉండే రోజులు నెలలో కొన్నే. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే రోజుకి రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఈ వారం పోటున్న వేళకి వచ్చే వారం ఆటు ఉంటుంది.

దారి 5 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 600 మీటర్లు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ప్రకారం 5 కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎత్తుకి మరో గంట పడుతుంది. చీకట్లో, కెమెరా బరువుతో నడక కాబట్టి ఇంకో గంట కలిపాం. సూర్యోదయానికి 45 నిమిషాల ముందే పైన ఉండాలి, ఎందుకంటే మంచి రంగులు చాలాసార్లు సూర్యుడికంటే ముందే వచ్చి పోతాయి.

చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, అదనపు వాటిని చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి. ముందున్న రాళ్లూ వెనకున్న శిఖరాలూ రెండూ స్పష్టంగా రావాలంటే, ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సరున్న) కెమెరాలో 24 మి.మీ. లెన్సుకి ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 11 పెట్టి 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే చాలు, 0.9 మీటర్ల నుంచి అంతా పదునుగా వస్తుంది. లోయ నిండా తెల్లటి పొగమంచు ఉంటే కెమెరాలో వెలుతురుని కొలిచే మీటరు మోసపోయి దాన్ని బూడిద రంగుకి లాగుతుంది. ముప్పావు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపు) ఎక్స్‌పోజర్ పెంచి, వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గీత కుడి అంచుని తాకకుండా చూసుకోవాలి.

దిగేటప్పుడు అసలు చిక్కు తేమతో. పైన చల్లబడ్డ లెన్సుని తీరంలోని ఉక్కగాలిలో తీస్తే క్షణాల్లో చెమ్మ పడుతుంది. లోపలి గాజుల మీద పడితే తుడవడానికీ వీలుండదు. కొండ మీదే కెమెరాని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, కింద అది వెచ్చబడేదాకా తెరవకూడదు.

తీరంలో రాళ్ల మీదికి దిగేముందు పావుగంటైనా అలల్ని గమనించాం. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో వచ్చే నెమ్మది నమ్మదగ్గది కాదు. నల్లగా మెరిసే రాళ్లు జారతాయి. పోటు ఎక్కుతున్నప్పుడైతే కొండకొమ్ము చాటుకి అసలు వెళ్లకూడదు. ఆరు గంటల పోటులో మూడో, నాలుగో గంటల్లోనే సగం నీరు పెరిగి, వెనక దారి మూసుకుపోతుంది.

ట్రైపాడ్ సన్నటి అడుగు గొట్టాలని పూర్తిగా చాచాలి, అప్పుడు బిగింపులు ఉప్పునీటికి పైన ఉంటాయి. కాళ్లని ఇసుకలోకి గట్టిగా దింపకపోతే వెనక్కెళ్లే అల కింద ఇసుకని తోడేస్తుంది, ఫొటో మధ్యలోనే ట్రైపాడ్ కుంగుతుంది. వెలుతురుని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఆరు స్టాపులది పెడితే సెకనులో 125వ వంతు ఉన్న ఎక్స్‌పోజర్ అర సెకను అవుతుంది. అల వెనక్కి మళ్లుతుండగా నొక్కితే నురుగు గీతలు గీతలుగా వస్తుంది. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో నీరు పొగలా మారి, తన ఆకారాన్ని పోగొట్టుకుంటుంది. నాకు అర సెకనే ఇష్టం.

లెన్సు మీది ఉప్పు తుంపర్లని పొడి గుడ్డతో రుద్దితే గాజు మీది పూత గీరుకుపోతుంది. మంచినీటితో తడిపిన మెత్తని గుడ్డతో అద్ది, తర్వాత ఆరబెట్టాలి. ట్రైపాడ్ బిగింపులు ఆ రాత్రే విప్పి మంచినీటితో కడగాలి.