గుణింతాలు స్పెషల్ క్యారెక్టర్లు కావు

స్ట్రింగ్‌లోంచి, అంటే ప్రోగ్రాంకి ఇచ్చిన టెక్స్ట్‌లోంచి, కామా, కోట్ లాంటి స్పెషల్ క్యారెక్టర్లు తీసేయడానికి ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో అందరూ రాసే లైన్ ఒకటుంది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకి, అంటే పదంలో భాగమైన క్యారెక్టర్లను పట్టే గుర్తుకి, దొరకనిది, ఖాళీ కానిది ఏదున్నా తీసెయ్యమని, టెక్స్ట్‌లో నమూనాలు వెతికే రెగెక్స్‌కి చెప్తాం. ఇంగ్లిష్ మీద చక్కగా పనిచేస్తుంది. అదే లైన్‌కి 'తెలుగు' అని ఇచ్చి చూడండి, 'తలగ' అని వస్తుంది. 'గ్రంథాలయం' ఇస్తే 'గరథలయ'. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు.

ఒక పాత గ్రంథాలయం కేటలాగ్‌ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని నా చేతికొచ్చేసరికి డేటా ఈ స్థితిలోనే ఉంది. అంతకు ముందే ఎవరో దాన్ని 'క్లీన్' చేశారు. కల, కాలం, కూలీ మూడూ 'కల' అయిపోతే ఏది ఏదో ఏ ప్రోగ్రాం చెప్పగలదు? పాత కార్డులు ఇంకా పారేయలేదు కాబట్టి బతికిపోయాం. వాటిని చూసి మళ్లీ టైప్ చేయించాల్సి వచ్చింది. తెలుగు పుస్తకాల పేర్లను తెలుగు ఊళ్లోనే ఇలా చేశారంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కారణం చిన్నదే. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్. అది ప్రతి క్యారెక్టర్‌కి ఒక కేటగిరీ ఇస్తుంది. క, త లాంటివి లెటర్లు. దీర్ఘం, కొమ్ము, పొల్లు, సున్న మాత్రం మార్కులు. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్ లెటర్లు, అంకెలు, అండర్‌స్కోర్ వరకే పదంలో భాగంగా చూస్తుంది, మార్కులను బయట పెడుతుంది. 'తెలుగు' అన్న స్ట్రింగ్‌ని ఈజ్‌ఆల్ఫా (అన్నీ లెటర్లేనా) అని అడిగితే ఫాల్స్ (కాదు) అనేది కూడా అందుకే. జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే, అక్కడ తెలుగు మొత్తం పోతుంది. కాకపోతే 2018 నుంచి అందులో లెటర్లూ మార్కులూ రెండూ ఉంచమని యూనికోడ్ కేటగిరీ పేరుతోనే చెప్పొచ్చు. మీరు ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాసినా సరే, ఏవి తీసెయ్యాలో పేరుపేరునా రాయండి: కామా, కోట్, బ్రాకెట్. 'మిగతావన్నీ' అని మాత్రం రాయకండి.

ఇక కంటికి కనపడనిది ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అని రాస్తే ట పొల్లు పొల్లుగానే నిలబడి, వే దాని పక్కన విడిగా రావడానికి కారణం అదే. అది తీసేస్తే 'సాఫ్ట్వేర్' అయి, వ కిందకి ఒత్తుగా దిగిపోతుంది. స్క్రీన్ మీద కనపడదు కాబట్టి చాలామంది దాన్ని చెత్త కింద లెక్కేసి ఊడ్చేస్తారు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు క్రాష్ అయిన సంగతి గుర్తుందా? వార్తల్లో అంతా 'ఒక తెలుగు అక్షరం' అన్నారు. నిజానికి ఆ వరుస జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ నాన్ జాయినర్, చివర దీర్ఘం. మనం మామూలుగా రాసే 'జ్ఞా'లో ఆ నాన్ జాయినర్ ఉండదు. తప్పు అక్షరాలు గీసే ప్రోగ్రాంది, ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. కానీ మచ్చ మన అక్షరం మీద పడింది.

అయితే వెతకడంలో ఇదే నాన్ జాయినర్ ఇబ్బంది పెడుతుంది. ఒకరు 'రాజ్‌కుమార్' అని దాంతో టైప్ చేస్తారు, ఇంకొకరు 'రాజ్కుమార్' అని అది లేకుండా. కొన్ని కీబోర్డులు పదం చివర పొల్లు తర్వాత కూడా దాన్ని పెట్టేస్తాయి. ముందూ వెనకా ఖాళీలు తీసే స్ట్రిప్ ఫంక్షన్ దాన్ని ఖాళీగా చూడదు, కాబట్టి అక్కడే ఉండిపోతుంది. ఐత్వం ఇంకో రకం: ఒకే కోడ్‌గా రావచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండు కోడ్‌లుగానూ రావచ్చు. చూడ్డానికి ఒకటే, పోలిస్తే వేరు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్ రూపాలను ఒకే రూపానికి తెచ్చే పని, చేస్తే రెండూ ఒకటవుతాయి.

నేను చేసేది ఏంటంటే, అసలు పేరున్న కాలమ్‌ని ముట్టుకోను. పక్కన వెతకడానికి ఇంకో కాలమ్ పెడతాను. అందులో ఎన్ఎఫ్‌సీ చేసి, నాన్ జాయినర్ తీసేసి, అరసున్న తీసేసి, బండి ఱని ర చేస్తాను. 'వాఁడు' అని అచ్చయిన పాత పేరు 'వాడు' అని వెతికినా దొరుకుతుంది, తెర మీద మాత్రం అరసున్నతోనే కనపడుతుంది. పాఠకుడు టైప్ చేసిన మాటకీ ఇదే ఫంక్షన్ వెయ్యాలి, లేకపోతే ఫలితం ఉండదు.

పొడవు గురించి కొంచెం. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ 6 అంటుంది, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేరుని 20 క్యారెక్టర్ల దగ్గర కోసే కోడ్ అక్షరం మధ్యలో కోసేయొచ్చు. కోయాల్సి వస్తే గ్రాఫీమ్ క్లస్టర్ల (చదివేవాళ్లు ఒక్క అక్షరంగా చూసే ముక్కల) లెక్కన కోయండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాలు కూడా ఒకే క్లస్టర్‌గా లెక్కకొస్తున్నాయి. మీరు వాడే కోడ్ లైబ్రరీ అంతకంటే పాతదైతే 'స్త్రీ'ని మూడు ముక్కలు చేస్తుంది. ఎస్ఎంఎస్ పంపేవాళ్లకి ఇది డబ్బుల సంగతి కూడా: తెలుగు మెసేజ్‌కి 70 క్యారెక్టర్లే, ఒక్క 'స్త్రీ'కే 6 ఖర్చు.

టెస్టులు రాసేటప్పుడు 'అమ్మ' ఒక్కటే పెట్టి వదిలేయకండి. స్త్రీ, జ్ఞానం, సాఫ్ట్‌వేర్, వాఁడు, దుఃఖం, ఐత్వం రెండు కోడ్‌లుగా ఉన్న 'తైలం' పెట్టండి. వాటితో పాటు ఇంగ్లిష్‌లో కోట్ గుర్తుతో రాసే డిసౌజా (D'Souza) లాంటి పేరు ఒకటి కూడా.